నిండు బతుకు

డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన ముగుస్తుండగా మన సంఘాల్లో బైబిలు వచనాలు రాసిన వాగ్దాన కార్డులు పంచుతారు. పిల్ల పెళ్లి కావలసిన తల్లి, అప్పు తీరవలసిన తండ్రి, వీసా కోసం ఎదురుచూస్తున్న కుర్రవాడు, అందరూ చేతికొచ్చిన ఆ చిన్న కార్డును ఆత్రంగా చదువుకుంటారు. ఆ ఆత్రాన్ని నేను తప్పుపట్టను. కష్టంలో ఉన్నవాడు దేవుణ్ని కాక ఇంకెవర్ని అడుగుతాడు? నన్ను కలవరపెట్టేది ఆ తరవాతి సంగతి. కోరింది చేతికొచ్చేదాకా బతుకు ఇంకా మొదలే కాలేదన్నట్టు రోజులు నెట్టుకొస్తాం.

ఇంకొందరు భక్తులున్నారు. వాళ్లకు ఇల్లూ వద్దు, వీసా వద్దు. ఈ లోకం నాలుగు రోజుల ముచ్చట, అసలు బతుకు పరలోకంలోనే అంటారు. చూడడానికి ఈ రెండూ తూర్పూ పడమరా. తీరా చూస్తే ఇద్దరూ ఈ రోజును రైలు కోసం కూర్చున్న ప్లాట్‌ఫారంలాగే చూస్తున్నారు.

తన గొర్రెలకు జీవం కలగాలని, అదీ సమృద్ధిగా కలగాలని వచ్చానన్నాడు యేసు. ఆ మాట యోహాను సువార్త 10వ అధ్యాయంలో ఉంది. అలా అన్నవాడు తాను ఎలా బతికాడన్నది నాకు ముఖ్యం. బోధించడం మొదలుపెట్టేనాటికి ఆయనకు సుమారు 30 ఏళ్లని లూకా రాశాడు. అందాకా నజరేతులో వడ్రంగి పని. ఆ ఏళ్ల గురించి సువార్తలు చెప్పింది బహు కొద్ది. ఎవరింటి తలుపు బిగించాడో, ఎవరి కాడి చెక్కాడో మనకు తెలియదు. ఆ ఏళ్లన్నీ అసలు పనికి ముందు గడిచిపోయిన వట్టి కాలమని అనడానికి నాకు నోరు రాదు. దేవుని కుమారుడే అన్నేళ్లు ఒక పల్లెలో చేతిపని చేసుకుని బతికాడంటే, రోజువారీ పనిలో ఉన్న నిండుదనం మీద అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

తరవాత కూడా అంతే. యోహాను చెప్పిన మొదటి సూచకక్రియ పెళ్లింట్లో జరిగింది. కానాలో ఆరు రాతి బానల నీళ్లు ద్రాక్షారసమయ్యాయి, ఈనాటి లెక్కలో 400 లీటర్లకు తక్కువుండదు. అది లేకపోతే ఎవరి ప్రాణమూ పోదు, పెళ్లివారి పరువు పోతుందంతే. తిరిగి లేచాక తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రాత్రంతా వలలు లాగి అలసిపోయిన శిష్యులను తినడానికి పిలిచాడు. మరణాన్ని గెలిచి వచ్చినవాడు చేసిన పనుల్లో వంట కూడా ఒకటి!

మన పల్లె సంఘాలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కోతల పండుగనాడు గుడికి వెళ్లి చూడండి. బలిపీఠం ముందు వడ్ల మూటలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. పాటల మధ్యలో కోడి కూసినా ఎవరూ విసుక్కోరు. ఆరాధన కాగానే వేలం. ఒక సొరకాయ సంత ధరకు పది రెట్లు పలుకుతుంది, కొన్నాయన దాన్ని మళ్లీ దేవునికే ఇచ్చేస్తాడు, మళ్లీ పాట మొదలవుతుంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్‌లో ఇలాంటి పండుగలను ఎంతో ప్రోత్సహించారు. 1939లో అక్కడ ప్రతిష్ఠించిన కెథడ్రల్ గుమ్మటాలు మసీదును, స్తంభాలు కోవెలను గుర్తుచేస్తాయి. ఈ నేల అందాన్ని గడప బయట వదిలి రమ్మని ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ పల్లెల కూలి కుటుంబాలవారు. ఆ ఇళ్ల ఆడవాళ్లకు ఒక అలవాటుండేది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆ పిడికిళ్లన్నీ కలిసి గుడికి చేరేవి. పొయ్యి రెండు పూటలా వెలుగుతుందన్న ధీమా లేని ఇంట్లో ఆ పిడికెడు ఎంతో నేను పదేపదే ఆలోచిస్తాను. తరతరాలుగా దొర వాకిట్లో కొంగు చాపి నిలబడవలసి వచ్చిన మనిషి, తన ఇంట్లో, తన చేత్తో ఇస్తోంది. నిండు బతుకంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చెయ్యే. ఆమె వాగ్దాన కార్డులో ఏం రాసి ఉన్నా ఆ పూట ఆమె లేనిది కాదు.

అయితే నిండుదనమంటే ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండడమని కొందరు బోధిస్తున్నారు. దీన్ని మాత్రం నేను ఒప్పుకోను. చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మన ఇళ్లలో చావు జరిగితే, భర్త పోయినామె చుట్టూ చేరి, ‘ఊరుకోమ్మా, ప్రభువు దగ్గరికేగా వెళ్లారు, విశ్వాసులం ఏడవకూడదు’ అంటారు. అమ్మా, అయ్యా, ఆ మాట ఆ రోజు అనకండి. పునరుత్థానాన్ని నమ్మే మనిషికీ పక్క మంచం ఖాళీగానే ఉంటుంది. ఆమెను ఏడవనివ్వండి, దగ్గర కూర్చోండి, పొద్దుటినుంచి ఆ ఇంట్లో పిల్లలు ఏమన్నా తిన్నారో లేదో కనుక్కోండి.