ఊత్తంగరైలో ఒక గిత్త

కృష్ణగిరినుండి తిరువణ్ణామలై వెళ్ళే బాటలో ఊత్తంగరై ఒక తాలూకా ఊరు. మా పెద్దల కాలాన అది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి జిల్లాలో చేరింది. రైలులో వచ్చేవారు జోలార్‌పేట - సేలం మార్గంలో సామల్‌పట్టి స్టేషనులో దిగి బస్సు ఎక్కవలసి ఉంటుంది. దగ్గరలో పాంబారు ఆనకట్ట, దారి పొడుగునా మామిడితోపులు, చింతచెట్లు, తూర్పున జవ్వాది కొండలు - ఇదీ అక్కడి దృశ్యం. వీధిలో అరవమూ, ఇంట్లో తెలుగూ మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్న సీమ ఇది. మన పాఠకులలో ఎందరికో ఈ వైపు బంధుత్వాలున్నవని వేరే చెప్పనక్కరలేదు.

మెట్టసీమ గనుక ఇక్కడ గొడ్డే ఆస్తి. హోసూరులో 1824లో కంపెనీ ప్రభుత్వంవారు సైన్యపు గుర్రాలకోసం పెట్టిన క్షేత్రం తరువాత పశువుల పెంపకశాల అయి, పదహారువందల ఎకరాలకు పైబడిన విస్తీర్ణంతో పేరు గడించింది. నాటుపశువులలో ఆలంబాడి జాతి ఈ ప్రాంతానిదే. ముదురు బూడిదవన్నె, ముందుకు పొంగిన నుదురు, వెనక్కు వంగిన కొమ్ములు, బరువుకు వెరవని నడక - ఒకసారి చూచినవారు మరువరు.

రెండేళ్ళ క్రిందట నేను సెలవు పెట్టి, వరుసకు బావగారైన ఒకరి ఇంటికి వెళ్ళాను. వారి కొట్టంలో అటువంటి విత్తనపు గిత్త ఉండేది. చుట్టుపట్ల నాలుగూళ్ళవారు ఆవులను దాని దగ్గరకే తోలుకొని వచ్చేవారు. దానికి ఉలవలు ఉడకబెట్టనిదే మా అత్తమ్మ తాను అన్నం తినేది కాదు.

ఆ యేడు ఎండలు ముదిరి, అప్పుడే నాలుగు వానలు పడ్డవి. నేను వెళ్ళిన మూడవనాటి సాయంకాలం గిత్త చక్కగా కుడితి త్రాగింది. తెల్లవారి చూస్తే కొట్టంలో పడి ఉన్నది. పొట్ట ఉబ్బింది. ముక్కులవెంట నల్లని నెత్తురు కారి, గడ్డకట్టక అలాగే ఉన్నది. పాము కరచిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు అన్నారు. ప్రొద్దెక్కకముందే తోలు బేరగాడు కూడా వచ్చాడు.

అంతలో పశువుల డాక్టరు వచ్చి అందరినీ దూరంగా జరిపాడు. చెవి దగ్గర సూదితో ఒక్క చుక్క నెత్తురు గాజుపలకమీదకు తీసుకొని, “ఇది అడైప్పాన్‌లా ఉన్నది. ఎవ్వరూ కొయ్యవద్దు, తోలు తియ్యవద్దు” అన్నాడు. మన తెలుగులో దీనినే దొమ్మ అంటారు.

“కొమ్ములైనా ఉంచుకోనివ్వు నాయనా” అన్నది అత్తమ్మ.

“ఆ కొమ్ములకోసం మనవడిని పోగొట్టుకుంటారా అమ్మా? ఇది మనుషులకూ అంటే జబ్బు.”

ఆమె మరి మాట్లాడలేదు. బావగారు తోలు బేరగాణ్ణి పంపివేశారు. జేసీబీ తెప్పించి ఆరడుగులకు మించిన గొయ్యి తీయించి, నెత్తురు తడిసిన మట్టితో సహా గిత్తను అందులో దించి, సున్నం పోసి పూడ్చారు. క్రిందపరచిన గడ్డి కాల్చివేశారు.

డాక్టరు ఇంత కఠినంగా ఉండటానికి కారణమున్నది. ఈ సూక్ష్మక్రిమి పశువు నెత్తుటిలో పెరుగుతుంది. కళేబరాన్ని కోస్తే గాలి సోకి గట్టి బీజాలుగా మారుతుంది. ఆ బీజాలు మట్టిలో పదుల సంవత్సరాలు చావక ఉంటాయి. కరువులో గడ్డి పొట్టిదైనప్పుడు పశువు నేలదాకా మేసి మట్టిని కూడా మ్రింగుతుంది. ఒక్క తోలుకు ఆశపడితే ఆ పొలం మన మనవల కాలందాకా పశువులకు మృత్యువే. ముందుగా కనిపెడితే పెన్సిలిన్ పనిచేస్తుంది. కాని చాలాసార్లు కనిపెట్టేలోపలే పశువు పడిపోతుంది.

1876లో జర్మనీ దేశపు కాక్ పండితుడు ఈ క్రిమి సంగతి నిరూపించాడు. 1881లో ఫ్రాన్సులో పాశ్చర్ అందరి ఎదుటా గొర్రెలకు టీకా వేసి, ఆపైన రోగం ఎక్కించి చూపాడు. టీకా వేసినవి బ్రతికినవి, వేయనివి చచ్చినవి. 1930 దశకంలో దక్షిణాఫ్రికాలో స్టెర్న్ అనే శాస్త్రజ్ఞుడు తయారుచేసిన టీకాయే నేటికీ ఆధారం. మనకు దగ్గరలోనే రాణిపేటలో 1932లో స్థాపించిన సంస్థలో ఈ టీకా తయారవుతున్నది.

గిత్త పోతే డబ్బు ఒక్కటే పోదు. 1960 దశకంలో ఒంగోలు దగ్గరి కరవదినుండి బ్రెజిల్ వెళ్ళిన ఒక్క గిత్త సంతతి ఆ దేశపు మందలలో ఎంతగా వ్యాపించిందో పశువుల పెంపకందార్లందరికీ తెలుసు. నేడు పెద్ద పశుశాలలలో వీర్యాన్ని సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో దాచి ఉంచుతారు. గిత్త పోయినా విత్తనం మిగులుతుంది. పల్లెటూరి గిత్తకు ఆ భాగ్యం లేదు. అది ఊళ్ళో విడిచిన దూడలే దాని మిగులు.

ఆ వారంలోనే ఊళ్ళో పశువులన్నిటికీ టీకాలు వేశారు. మొదటివరుసలో తన ఆవులను పట్టుకొని నిలుచున్నది మా అత్తమ్మే. పూడ్చినచోట బావగారు ముళ్ళకంచె వేయించారు. గొడ్లను అటు పోనివ్వరు.

పశువులున్న మన కుటుంబాలవారికి ఒక మనవి. గొడ్డు ఉన్నట్టుండి పడిపోయి నెత్తురు కారుతూ కనిపిస్తే కత్తి పట్టకండి, డాక్టరును పిలవండి. 1962 నంబరుకు ఫోనుచేస్తే పశువుల వైద్యశకటం వస్తుంది. టీకాలవాళ్ళు ఊళ్ళోకి వచ్చిన రోజున మాత్రం ఎంత పని ఉన్నా మానుకొని గొడ్లను తోలుకొని వెళ్ళండి.