కాస్త చీకటి ఉంచండి

మొన్న ఆదివారం భోజనానికి వచ్చిన మా మేనల్లుడు చెయ్యి కడుక్కుని వచ్చి, నేను చూస్తున్న సినిమా వంక అర నిమిషం జాలిగా చూశాడు. "మావయ్యా, ఇంత చీకటిగా ఉంటే ఏం కనపడుతుంది నీకు? టీవీ కొన్నాక సెట్టింగ్స్ ఎవరూ మార్చలేదా?" అంటూ రిమోట్ అందుకుని ఏవో నాలుగు నొక్కాడు. అంతే, తెరమీద నలుపంతా బూడిదైపోయింది. గది మూలలు బయటపడ్డాయి. సోఫా వెనక గోడకి ఏ రంగు వేశారో కూడా కనపడుతోంది. "ఇప్పుడు చూడు, ఎంత క్లియర్‌గా ఉందో!" అన్నాడు. పట్టుచీరని వాషింగ్ మెషిన్లో తిప్పి తీసి, మురికంతా పోయింది చూడమన్నట్టుంది. వాడు వెళ్లాక దాన్ని యథాస్థితికి తేవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా రాలేదనే నా అనుమానం.

ఆ సినిమా 'డబుల్ ఇండెమ్నిటీ'. 1944లో బిల్లీ వైల్డర్ తీసింది. ఆ చీకటి బల్బు మాడిపోయి వచ్చింది కాదు, పనిగట్టుకుని తెచ్చింది. కెమెరా చూసుకున్న జాన్ సైట్జ్, కథ నడిచే ఇంటి హాల్లో గాలి కూడా మాసినట్టు కనపడాలని షాట్‌కి ముందు మెత్తటి అల్యూమినియం పొడి ఊదించాడట. లాస్ ఏంజెలిస్ ఎండ కిటికీకున్న అడ్డపట్టీల సందుల్లోంచి వచ్చి ఆ దుమ్ము మీద వాలుతుంది. ఆ ఇంట్లో అడుగు పెట్టేసరికి ఎండకి కూడా ఏదో తప్పు చేసిన ముఖం వస్తుంది. ఆ చారలు హీరో కోటు మీద పడితే జైలు ఊచలు గుర్తొస్తాయని పెద్దవాళ్లు రాశారు. ముప్పై నాలుగేళ్లు జీవిత బీమా ఆఫీసులో గుమాస్తాగిరీ చేసిన నాకు మాత్రం లెడ్జరు గీతలు గుర్తొస్తాయి. ఏ గీత మీద ఏం రాయాలో బాగా తెలిసినవాడే దొంగ పద్దు రాస్తాడు. ఆ కథ కూడా అదే.

చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు నవలలు తెచ్చుకుని, లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివినవాణ్ణి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు కలిసి హంతకుణ్ణి ఆఖరి దాకా దాచిపెట్టేవారు. ఒకసారి ఆఖరి కాగితం చిరిగిపోయిన పుస్తకాన్ని నాకు అంటగట్టిన షాపువాడి మీద ఇప్పటికీ కోపం పోలేదు. వైల్డర్ సినిమాలో ఆ బాధ లేదు. భుజంలో గుండు దిగిన బీమా ఏజెంటు వాల్టర్ నెఫ్ అర్ధరాత్రి ఆఫీసుకొచ్చి, డిక్టాఫోన్ ముందు కూలబడి, చంపింది నేనేనని మొదట్లోనే చెప్పేస్తాడు. ఇక మనం చూడాల్సింది వాడు ఎక్కడెక్కడ వెనక్కి తిరగొచ్చో, ఎక్కడా ఎందుకు తిరగలేదో. పదోసారి చూస్తున్నప్పుడు కూడా, ఈసారైనా ఆ ఇంటి కాలింగ్ బెల్ కొట్టకుండా పోతాడేమోనని చూస్తాను.

ఇలాంటి వాటికి 'ఫిల్మ్ నువార్', అంటే నల్ల సినిమా, అన్న పేరు హాలీవుడ్ వాళ్లు పెట్టుకున్నది కాదు. జర్మన్ల ఆక్రమణలో ఉన్నన్నాళ్లూ ఫ్రాన్సుకి అమెరికా సినిమాలు రాలేదు. యుద్ధం అయ్యాక అన్నీ ఒక్కసారి వచ్చి పడేసరికి, 1946లో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు వాటిలో ఈ నలుపుని పట్టుకున్నాడు. తీసినవాళ్లలో చాలామంది బెర్లిన్‌లో పనిచేసి, నాజీలు రాగానే పెట్టె సర్దుకుని పారిపోయి వచ్చినవాళ్లు: వైల్డర్, సియోడ్‌మాక్, ఫ్రిట్జ్ లాంగ్. వైల్డర్ తల్లి నాజీలకు బలైపోయింది. అలాంటివాళ్లు దీపం తగ్గించి ఒక కథ చెబుతుంటే రిమోట్ పట్టుకుని బ్రైట్‌నెస్ పెంచుతారా ఎవరైనా?

ఇంకో బాధ, కింద పడే ఆ తెల్లక్షరాలు. పొగ తాగడం ఆరోగ్యానికి హానికరమట. ఈ సినిమాలో ఆరోగ్యానికి హాని చేసేవాటి లిస్టు రాస్తే సిగరెట్టు ఏ పదో స్థానంలోనో వస్తుంది. భర్తని చంపించబోయే బార్బరా స్టాన్‌విక్ కాలిపట్టీ వేసుకుని మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం ఏ హెచ్చరికా పడదు.

నిజానికి ఈ సినిమా నాకు చుట్టాలింటి వ్యవహారంలా ఉంటుంది. డబుల్ ఇండెమ్నిటీకి మా ఆఫీసులో దగ్గరి మాట డి.ఏ.బి., డబుల్ యాక్సిడెంట్ బెనిఫిట్. ప్రమాదంలో పోతే పాలసీ సొమ్ముతో పాటు మళ్లీ అంతే ఇస్తారు. మా రోజుల్లో దానికి వెయ్యికి ఏడాదికి రూపాయి అదనపు ప్రీమియం. సినిమాలో పాలసీ 50,000 డాలర్లకి, రైలు ప్రమాదమైతే లక్ష. మనిషి ఎలా పోయాడన్న దాన్నిబట్టి ధర రెట్టింపవుతుందని తెలిస్తే కొందరి బుర్రలు ఎటు పరిగెడతాయో చెప్పక్కర్లేదు. 1927లో న్యూయార్కులో రూత్ స్నైడర్ అనే ఆవిడా, ఆమె ప్రియుడు జడ్ గ్రే కలిసి ఆమె భర్తని ఇలాంటి పాలసీ కోసమే చంపారు. మరుసటి జనవరిలో ఇద్దరికీ శిక్ష అమలైంది. పత్రికల్లో పనిచేసిన జేమ్స్ ఎం. కెయిన్ అందులోంచి నవల తీశాడు. 1935లో స్టూడియోలు దాని మీద మోజు పడితే, ఇది జనాన్ని చెడగొడుతుందని హాలీవుడ్ సెన్సారు పెద్ద అడ్డం పడ్డాడు. అలా ఎనిమిదేళ్లు. మా ఆఫీసులో చేసినవాడికి ఎనిమిదేళ్లు ఒక లెక్కా?

నా హీరో నెఫ్ కాదు, క్లెయిమ్స్ చూసే బార్టన్ కీస్. ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్ వేశాడు. దొంగ క్లెయిము టేబుల్ మీదికొస్తే కీస్‌కి కడుపులో మంట మొదలవుతుంది. ఆత్మహత్యలకి ఎన్ని రకాల పట్టికలున్నాయో కంపెనీ ప్రెసిడెంటుకి గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెట్టి, మెల్లగా పోతున్న రైలు నుంచి దూకి చచ్చినవాడు వాటిలో ఒక్కడూ లేడంటాడు. ఆ తర్వాత అసలు ముక్క పట్టుకుంటాడు: యాక్సిడెంటు పాలసీ ఉన్న ఆ భర్త కాలు విరిగితే క్లెయిము ఎందుకు పెట్టలేదు? అంటే పాలసీ ఉందని వాడికే తెలీదన్నమాట! పిస్తోలు లేదు, వేలిముద్రలు లేవు. పెట్టని ఒక కాగితం హంతకుల్ని పట్టించే దారి చూపింది. ఈ దృశ్యం రాగానే నేను సోఫాలో నిటారుగా కూర్చుంటాను.

ఎందుకంటే మా క్లెయిమ్స్ సెక్షన్‌లో కూడా ఒకాయన ఉండేవారు. పొట్టిమనిషి, చేతులు మడిచిన తెల్లచొక్కా. ఒకసారి డి.ఏ.బి. క్లెయిము వచ్చింది. రాత్రిపూట నీళ్లు తోడుతూ కాలుజారి బావిలో పడ్డాడని. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆయన పంచనామా రెండుసార్లు చదివి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "చేద ఏదయ్యా?" అన్నారు. పంచనామాలో చేదా లేదు, తాడూ లేదు. గట్టు మీద చెప్పులు మాత్రం ఉన్నాయి, జతగా, పక్కపక్కన విప్పి. గదిలో ఎవరం మాట్లాడలేదు. పాలసీ తీసుకుని ఏడాది దాటింది కాబట్టి ఆత్మహత్యయినా అసలు సొమ్ముకి ఇబ్బంది లేదు, రెట్టింపే రాదు. "అసలు రేపే పంపించేద్దాం, చిన్నపిల్లలున్నట్టున్నారు" అని నోట్ ఆయనే రాసుకున్నారు. ఆ సాయంత్రం టీ వచ్చినా ముట్టుకోలేదు.

ఆ నోట్ రాసింది నా పెన్నుతోనే. సినిమాలో కీస్ దగ్గర చుట్ట ఉంటుంది, అగ్గిపుల్ల ఉండదు. జేబులు తడుముకుంటుంటే నెఫ్ బొటనవేలి గోటితో పుల్ల గీసి వెలిగిస్తుంటాడు. మా ఆఫీసరు గారి దగ్గర పెన్ను ఉండేది కాదు. ఫైల్లోంచి తల ఎత్తకుండా చెయ్యి చాపేవారు. ఎవరు దగ్గరుంటే వాళ్లు పెట్టాలి. తిరిగివ్వడమన్నది ఆయన సర్వీసు రూల్స్‌లో లేదు. మామగారు నాకు పెళ్లిలో ఇచ్చిన బంగారు మూత హీరో పెన్ను కూడా అలాగే పోయింది. అడగడానికి మొహమాటం. ఆయన రిటైరైన రోజు దండలూ శాలువాలూ ఫోటోలూ అయ్యాక, టేబుల్ సొరుగు ఖాళీ చేసే పని నాకు పడింది. పదకొండు పెన్నులు దొరికాయి. నాలుగు నావే, రీఫిళ్లు అయిపోయి. హీరో పెన్ను లేదు. అడుగుదామని కిందికి పరిగెత్తేసరికి ఆయన్ని ఆటో ఎక్కించేశారు. మెడలో దండతో, జేబులు తడుముకుంటూ కూర్చుని ఉన్నారు.