అరటికెంత కుండీ?

పెరడు పోయి ఫ్లాటు వచ్చినా అరటిని వదులుకోలేక, హాల్లో బాల్కనీ తలుపు పక్కన నిలబెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. విడ్డూరమేం కాదు. ఇవాళ ప్రపంచ అరటి వ్యాపారాన్ని ఏలుతున్న కావెండిష్ రకానికి ఆ పేరొచ్చిందే ఇంగ్లండులో ఓ డ్యూక్ గారి ఇంటిపేరు నుంచి. 1830ల్లో ఆయన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ చాట్స్‌వర్త్ భవనం గాజు గదిలో దాన్ని పెంచి గెల వేయించాడు. మన వామనకేళి ఆ వంశానిదే. మంచు కురిసే దేశంలో గదిలో కాసింది, హైదరాబాదు ఫ్లాటులో బతకదా? వెలుతురు బాగా పడే చోటైతే బతుకుతుంది. చిక్కల్లా కుండీతోనే.

నర్సరీ నుంచి వచ్చే టిష్యూకల్చర్ మొక్క జానెడు ఉంటుంది. ఎదిగే పిల్ల కదా అని గౌను వదులుగా కుట్టించినట్టు, దాన్ని తెచ్చి ఏకంగా పెద్ద తొట్టిలో పెడతారు. గౌను వదులైతే పిల్లకేం కాదు. అరటికి కుండీ వదులైతే ప్రాణం మీదికొస్తుంది. ఆ గుప్పెడు వేళ్లు తాగలేనన్ని నీళ్లు మట్టిలో నిలిచిపోతాయి. పైకి ఆరినట్టే ఉంటుంది. వేలు రెండో కణుపు దాకా దించితే జిగట జిగటగా తడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన. దుంప కుళ్లడం మొదలైందన్నమాట.

కాబట్టి 6 అంగుళాల కుండీతో మొదలుపెట్టాలి. మట్టిగడ్డతో సహా మొక్కను జారదీసి చూసినప్పుడు వేళ్లు తెల్లగా, కుండీ చుట్టూ తిరిగి కనిపిస్తే అప్పుడు 8. తర్వాత 10, 12. రెండంగుళాలేగా అనకండి. 6 నుంచి 8కి వెళ్తేనే పట్టే మట్టి రెట్టింపు దాటుతుంది. మార్చడానికి తొలకరి రోజులు మేలు. చలికాలంలో ఆకు వేయడమే మందగిస్తుంది, కొత్త మట్టిలోకి వేళ్లు పాకవు.

వేళ తప్పితే మొక్కే గుర్తు చేస్తుంది. ప్లాస్టిక్ కుండీ గుండ్రని అంచు ఓ పొద్దున కోలగా సాగి కనిపిస్తుంది. లోపల పిలక పక్కకు తోస్తోంది. మట్టి కుండీ సాగదు, పగులుతుంది. అయినా నా ఓటు మట్టి కుండీకే. చెమ్మ పక్కల నుంచీ ఆరిపోతుంది, పైగా బరువు. తేలిక ప్లాస్టిక్ కుండీలో ఏపుగా పెరిగిన అరటి, ఒక్క ఈదురుగాలికి బాల్కనీలో వెల్లకిలా పడుతుంది. ఇక అడుగున చిల్లు లేని పింగాణీ కుండీలు అమ్మేవాళ్లను ఏమనాలో నాకు తెలీదు. ముచ్చటపడి కొన్నా, చిల్లులున్న కుండీని అందులో దించండి, కిందికి దిగిన నీళ్లు పారబోయండి.

మరి ఎక్కడ ఆపాలి? వామనకేళి ఆరడుగులకు అటూ ఇటూగా ఆగుతుంది. కర్పూర చక్రకేళి స్లాబును తాకుతుంది, అది ఇంట్లోకి వద్దు. వామనకేళి అయినా గెల వేయాలంటే 24 అంగుళాల తొట్టి, నేరుగా తగిలే ఎండ కావాలి. తడిసిన మట్టితో ఆ తొట్టి క్వింటాలు పైమాటే. ఇల్లు తుడవడానికొచ్చిన అమ్మాయిని దాన్ని కాస్త జరపమ్మా అని ఎవరడుగుతారు? 14 దగ్గర ఆపేయడం నయం. కుండీ ఇరుకైతే మొక్కా పొట్టిగానే ఉంటుంది. అక్కణ్నుంచి ఏడాదికోసారి బయటికి తీసి, చుట్టుకున్న వేళ్లు కొన్ని కత్తిరించి, కొత్త మట్టీ వర్మీకంపోస్టూ వేసి మళ్లీ అందులోనే పెట్టాలి. ఒక్క పిలకను ఉంచి మిగతావి తీసేయాలి. సన్నాకుల సూది పిలకలైతే అడిగినవాళ్లకు ఇవ్వొచ్చు. వెడల్పాకుల నీటి పిలకల్లో పస ఉండదు.

ఇలా పెంచితే పండక్కి నాలుగు విస్తళ్లకు ఆకులొస్తాయి. గెల మీద ఆశ పెట్టుకోకండి. పళ్లు బజార్లో కొనుక్కోండి.