రాణిగారి పటములు

మా గజపతినగరపు టింట నడవగోడమీఁద మా నాయనమ్మ పట మొక్కటియే కలదు. తాతగారి షష్టిపూర్తినాఁడు తీయించినది. పట్టుచీర, నొసట పెద్ద కుంకుమబొట్టు, మెడలో కాసులపేరు. ఆ కాసులపేరు పొరుగింటి యెరువుసొమ్మని మా మేనత్త చెప్పుచుండెడిది. చిన్ననాఁడు చంపావతి యిసుకలో చెలమలు తీసి కడవలతో నీరు మోసిన బీదయింటి పిల్లకు మాత్రము పటము లేదు. రష్యాదేశపు రాణి మొదటి కాథరిన్ పటములను జూచినప్పు డెల్ల మాకీ సంగతియే జ్ఞప్తికి వచ్చును.

ఆమె తొలిపేరు మార్తా. 1684లో బాల్టిక్ తీరప్రాంతమున నొక పేదకుటుంబమునఁ బుట్టెను. బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయి, మారియెన్‌బుర్గు పట్టణమున గ్లుక్ అను క్రైస్తవ మతాచార్యుని యింటఁ బెరిగి, అచ్చటనే పనిపాటలు చేయుచుండెను. గ్లుక్ గొప్ప పండితుఁడు. బైబిలును లాట్వియా భాషలోనికిఁ దెచ్చినవాఁడు. అట్టి గ్రంథము సిద్ధమైన యింటఁ బెరిగినను ఆ పిల్లకు వ్రాఁత రాలేదు. 1702లో రష్యాసేన యా పట్టణమును బట్టుకొనఁగా ఆమె బందీయయ్యెను. తుదకు పీటరు చక్రవర్తి మనస్సును జూఱగొనెను. 1712లో ఆయన యామెను బహిరంగముగాఁ బెండ్లాడి, 1724లో మాస్కో నగరమున స్వహస్తములతోఁ గిరీట ముంచెను. మఱుసటి యేఁట నాయన గతింపఁగా ఆమెయే సింహాసన మెక్కెను.

1717లో నత్తియే యను ఫ్రెంచి చిత్రకారుఁడు హాలెండులో వ్రాసిన యామె పటము నేఁడు సెయింట్ పీటర్స్‌బర్గులోని హెర్మిటేజి ప్రదర్శనశాలలో నున్నది. జరీ యుడుపు, తెల్లని మృదురోమము పొదిగిన రాజవస్త్రము, తలలో మణులు. అడోల్‌స్కీ యను రష్యా చిత్రకారుఁడు వ్రాసిన మఱియొక పటమున ఆమె చెంత నొక నల్లని పరిచారకబాలుఁడు నిలిచియుండును. ఒకనాఁడు తానును ఒరుల యింటఁ బనిచేసిన పిల్లయే గదా! ఆ బాలుని జూచి యామె హృదయ మేమనుకొన్నదో పటము చెప్పదు. పండ్రెండుగురు బిడ్డలను గని, ఇద్దఱు కూఁతుండ్రను మాత్రమే పెంచి పెద్దచేయఁగల్గిన తల్లిదుఃఖమును చెప్పదు.

వ్రాఁత రాని యీ రాణి యేలుబడియందే, పీటరు సంకల్పించిన విజ్ఞానపరిషత్తు 1725లో ప్రారంభమయ్యెను. 1727లో నలువదిమూఁడవ యేఁట నామె కన్నుమూసెను.

పటములు మనము చేరిన మెట్టును జూపునే కాని, ఎక్కివచ్చిన మెట్లను జూపవు. మార్తాకు పటము లేకున్నను, రాణి యగుటచేత లోక మామె పూర్వకథను వెదకి వ్రాసికొన్నది. మన నాయనమ్మల కథ నెవరు వెదకుదురు? నేఁడు చేతిలోని ఫోనుతోఁ బూఁటకు పది పటములు తీయుచున్నాము. వంటింటి పెద్దదిక్కును, నీవు చిన్ననాఁడేమి చేసితివమ్మా యని యడుగుటకు మాత్రము తీరిక లేదు.

మొన్న మేము నాయనమ్మ పటమును దింపి, దుమ్ము తుడిచి, వెనుక అట్టమీఁద ఆమె పేరును, పుట్టినింటి పేరును, చంపావతి నీళ్ల కడవను గూర్చి నాలుగు పంక్తులును వ్రాసితిమి. కాసులపేరు ఎరువుదని కూడ వ్రాసితిమి. సోదరీమణులారా, మీ యింటి పటములను గూడ నొకసారి వెనుకకుఁ ద్రిప్పి చూడుఁడు. చెప్పఁగల పెద్దలున్నప్పుడే అడిగి వ్రాయుఁడు.