బీడీల ఇంట్లో పిల్లిపిల్ల



పోయిన నెల మన సంఘం మహిళల మీటింగ్ అయ్యాక చాయ్ తాగుతుంటే ఇద్దరు ముగ్గురు చెల్లెళ్ళు నన్ను పట్టుకున్నారు. "వదినా, మీ అత్తమ్మ ఇంట్లనే బీడీలు చేస్తది కదా. ఆకు, తంబాకు, దారం అన్నీ కిందనే ఉంటయి. అండ్ల పిల్లిపిల్లను ఎట్ల సాకుతున్నరు?" అని అడిగారు. నిలబడి చెప్తే తేలే ముచ్చట కాదు, అందుకే రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక చేసుకొని చదవండి.

మన షోలాపూర్ పూర్వ భాగ్ ఇళ్ళు ఎట్లుంటాయో మీకు చెప్పాల్సిన పని లేదు. మాది రెండు గదులు, ఒక వంటిల్లు. పక్కన పవర్‌లూమ్ షెడ్డు. పొద్దంతా టకటక. ఆషాఢంలో ఒక వాన రోజు మా బాబు ఆ షెడ్డు గోడ పక్కన తడిసి వణుకుతున్న పిల్లను అంగీలో చుట్టి తెచ్చాడు. నెలా పదిహేను రోజుల పిల్ల ఉంటుంది. అరచేతిలో పట్టేంత. తల్లి కోసం రెండు రోజులు అక్కడే చూశాం, రాలేదు. బయట కుక్కలు, రిక్షాలు. ఇంట్లోనే ఉంచుకున్నాం.

పేరు 'మనీ'. మరాఠీ ఇళ్ళలో ఆడపిల్లిని మనీ అనే పిలుస్తారు కదా, బాబు అదే పెట్టాడు. సిరిసిల్ల నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, "పైసలని పేరు పెట్టుకున్నరా? ఇంట్ల పైసలు దుంకులాడుతున్నయంటే మంచిదే" అని నవ్వింది. దుంకులాడుతున్న మాట మాత్రం నిజం.

మొదటి వారం దేవతలా నిద్రపోయింది. రెండో వారం నుంచి ఇల్లు దానిది, మేం కిరాయికి ఉన్నవాళ్ళం. పరదా పట్టుకొని పైకి ఎక్కుతుంది, దిగడం రాక అరుస్తుంది. దింపితే మళ్ళీ ఎక్కుతుంది. దండెం మీద ఆరేసిన చద్దర్‌ను ఊయల చేసుకుంది. కడక్ భాకరి ఒకటి లాక్కెళ్ళి, తినడానికి కాదు, నేల మీద చక్రంలా తోసుకుంటూ ఇల్లంతా తిరిగింది. మగ్గాల చప్పుడుకు చెవి కూడా కదపదు గానీ కుక్కర్ విజిల్ వస్తే బియ్యం డబ్బా వెనక దాక్కుంటుంది. రాఖీ పున్నమి నాడు మార్కండేయ స్వామి రథం వచ్చిందని డప్పులు మోగుతుంటే ఆ డబ్బా వెనక నుంచి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

అందరికంటే కష్టం అత్తమ్మకే వచ్చింది. ఆమె పెళ్ళైన నాటి నుంచీ బీడీలే చేస్తోంది. పొద్దున్నే తడిపిన తునికాకు, రేకు పెట్టి కత్తిరించడం, ఒళ్ళో చేట, చుట్టడం, దారం కట్టడం, కొసలు మడవడం. సాయంత్రానికి లెక్క తేలాలి. కార్ఖానాలో బాగా లేనివి పక్కన పారేస్తారు, వాటికి మజూరీ రాదు. అట్లాంటి పని మధ్యలోకి ఇది చేట మీదికి ఒక్క దుంకు దుంకేది. ఆకులు చెల్లాచెదురు. "పిల్లికి చెలగాటం, నాకు ప్రాణసంకటం" అని అత్తమ్మ కసిరేది. "దీన్ని తీసుకపోయి వదిలిపెడ్తవా, నన్ను వదిలిపెట్టుమంటవా?" అని మా ఆయన్ని అడిగింది కూడా.

ఆమె మాటలో న్యాయం ఉంది. ముచ్చటకు తెచ్చుకున్న పిల్లి ముసలామె కూలిని పాడుచేయొద్దు కదా. బాబు మొహం చూస్తే వదిలేయమనడానికి నాకు నోరు రాలేదు. అందుకని దుంకుడు ఆపలేము గానీ, ఎక్కడ, ఎప్పుడు దుంకాలో మార్చొచ్చేమో చూద్దామనుకున్నాను.

ముందు తెలుసుకున్నది ఏంటంటే, పిల్లిపిల్లది కొంటెతనం కాదు, వేట నేర్చుకోవడం. కదిలేది ఏదైనా దానికి ఎలుకే. అత్తమ్మ వేళ్ళ మధ్య ఆడే దారం కంటే మంచి ఎలుక ఇంకేముంటుంది? పైగా పిల్లులు తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ ఎక్కువ హుషారుగా ఉంటాయి. అందుకే నాలుగింటికి మన మొహం మీద నుంచి పరుగులు. అది మన మీద పగ కాదు, దాని గడియారం అంతే.

కాబట్టి అత్తమ్మ పనికి కూర్చునే ముందు పావుగంట, రాత్రి పడుకునే ముందు పావుగంట బాబు దాన్ని గట్టిగా ఆడిస్తాడు. టవల్ కార్ఖానా నుంచి తెచ్చిన చిండీలు గుండ్రంగా చుట్టి బంతి చేశాం. పాత సాక్సు ఒకటి. పరుగెత్తిస్తాడు, దాక్కోనిస్తాడు, చివర పట్టుకోనిస్తాడు. పట్టుకోనివ్వడం ముఖ్యం, లేకపోతే దానికి ఆట పూర్తి కాదు. వెంటనే తిండి పెడతాం. వేటాడి, తిని, ఒళ్ళు నాక్కొని పడుకుంటుంది. అత్తమ్మకు రెండు గంటలు దొరుకుతాయి, మాకు రాత్రి నిద్ర దొరుకుతుంది.

ఇంకొకటి, చేతులతో ఆడించొద్దు. చిన్నప్పుడు వేలు కొరికితే ముద్దుగా ఉంటుంది. మూడు నాలుగు నెలలకు పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు వచ్చే టైములో అదే అలవాటుతో కొరికితే రక్తం వస్తుంది. కొరికినప్పుడు చెయ్యి గుంజుకుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. కదలకుండా ఆగి, బంతి ముందేస్తే వదిలేస్తుంది. అరవడం, కొట్టడం వల్ల భయం తప్ప ఏమీ నేర్చుకోదు. పిల్లి కరిస్తే, గీరితే సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్‌కు చూపించుకోవాలి. మన పిల్లే కదా అని ఊరుకోవద్దు.

గోళ్ళు గీరుకోవడం దాని అవసరం. చద్దర్లు, మంచం పట్టీలు పాడవుతుంటే, మామయ్య చేతిమగ్గం విప్పేశాక అటక మీద మిగిలిన చెక్క దిమ్మ ఒకటి దింపి, గోనె తాడు గట్టిగా చుట్టి నిలబెట్టాం. మామయ్య పోయి తొమ్మిదేళ్ళు. ఆ చెక్క దింపుతుంటే అత్తమ్మ ఏమీ అనలేదు, ఒక్కసారి కొంగుతో తుడిచి ఇచ్చింది.

అయితే ఇంత చేసినా ఆ దారం సంగతి జరిగింది.

శ్రావణం చివర్లో ఒక మధ్యాహ్నం. దారం ఉండ డబ్బాలోనే ఉంది. డబ్బాకు మూత కూడా ఉంది. మూత తోసేయడం మనీకి వచ్చన్న సంగతి మాత్రం ఆ రోజే తెలిసింది. అత్తమ్మ ఆకు కడగడానికి లేచి వచ్చేసరికి దాని నోట్లో నుంచి జానెడు దారం వేలాడుతోంది, మిగతాది లోపలికి పోతోంది. అత్తమ్మ పట్టుకొని గుంజబోయింది. "అత్తమ్మా, గుంజకు!" అని అరిచాను. పిల్లి నాలుక మీద ముళ్ళు లోపలి వైపుకు వంగి ఉంటాయి. దారం ఒకసారి పడితే ఉమ్మలేదు, మింగడమే. ఒక కొస నాలుక కిందనో కడుపులోనో చిక్కుకొని, ఇంకో కొస పేగుల్లోకి పోయిందనుకోండి. మనం గుంజితే పేగు ముడుచుకుపోతుంది, కోసుకుపోతుంది. చాలా పిల్లులు దీనితోనే ప్రాణం పోగొట్టుకుంటాయి.

బుట్టలో పెట్టుకొని పశువుల డాక్టర్ దగ్గరికి పోయాం. దారిలోనే మొత్తం మింగేసింది. ఆయన నోరు తెరిచి నాలుక కింద చూశాడు, అక్కడ చిక్కుకోలేదు. పొట్ట తడిమి చూసి, స్కానింగ్ చేసి, "ఇప్పటికి ముడి కనిపించట్లేదు. వాంతులు చేసుకున్నా, తిండి మానేసినా, నీరసంగా మూలకు పడుకున్నా వెంటనే తీసుకురండి, ఆపరేషన్ చేయాల్సి వస్తుంది" అన్నాడు.

ఆ రెండు రాత్రులు ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. పరదాలు ఎక్కేది, చద్దర్ మీద ఊగేది లేదు. ఇల్లు ఎంత సాఫుగా ఉందో, అంత బాధగా ఉంది. బాబు బడికి పోనన్నాడు. రాత్రి నేను నీళ్ళు తాగుదామని లేస్తే అత్తమ్మ బుట్ట పక్కన కూర్చొని ఉంది. "తినవే, కొద్దిగ తినవే మొద్దుదానా. నువ్వు దుంకకుంటే నాకు చేతులాడుత లేవు" అని దాంతో మాట్లాడుతోంది. ఆపరేషన్ ఖర్చు గురించి నేనూ మా ఆయనా లోపల గుసగుసలాడుకుంటుంటే తన బీడీల డబ్బుల డబ్బా తెచ్చి మా మధ్య పెట్టి, మాట్లాడకుండా పోయి పడుకుంది.

మూడో రోజు పొద్దున మనీ దొడ్డికి పోయే ఇసుక డబ్బాలో దారం బయటపడింది. చిక్కంతా, బీడీ దారమే. అక్కడ కూడా సగం వేలాడుతూ కనిపిస్తే గుంజొద్దని డాక్టర్ చెప్పాడు గానీ, దేవుడి దయ, పూర్తిగానే వచ్చింది. పది గంటలకల్లా కుక్కర్ గిన్నె మీదికి దుంకింది. అత్తమ్మ తిట్టింది. ఆ తిట్టు విని నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు దారం, సూదులు, కత్తెర స్క్రూ మూత డబ్బాలో ఉంటాయి. తంబాకు ఇంకా గట్టి మూత డబ్బాలో. తంబాకులో ఉండే నికోటిన్ పిల్లులకు విషం, కొంచెమైనా ప్రమాదమే. తినిపించే విషయంలోనూ నాలుగు మాటలు. ఆవుపాలు చాలా పిల్లులకు అరగవు, విరేచనాలవుతాయి. ఉల్లి, వెల్లుల్లి పడవు, కాబట్టి మన షేంగా చట్నీ దానికి పెట్టొద్దు. మేం ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడి మాంసం, దాంతోపాటు పిల్లిపిల్లల కోసం అమ్మే మేత పెడుతున్నాం. సోమవారం మా ఇంట్లో నీసు వండం, ఆ రోజు కొన్న మేతే. టీకాలు వేయించాం, రేబీస్‌ది కూడా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ వచ్చే నెల. గ్యాలరీకి జాలీ కొట్టించాం. చలికాలం వస్తోంది, వీధి పిల్లులు వెచ్చదనానికి బండి ఇంజన్ల దగ్గర దూరుతాయి, స్టార్ట్ చేసే ముందు ఒకసారి తట్టండి. దీపావళి పటాకులప్పుడు మీ ఇళ్ళలో పిల్లి ఉంటే లోపలి గదిలో తలుపేసి, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టండి.

ఇంకో లాభం మేం అనుకోనిది. మా బాబు మరాఠీ బడిలో చదువుతాడు. నానమ్మ తెలుగులో అడిగితే మరాఠీలో జవాబు. మన పిల్లలందరి కథే ఇది. ఇప్పుడు అత్తమ్మ పిల్లిని తెలుగులో తిడుతుంటే, వాడు మనీ తరఫున తెలుగులో జవాబు చెప్తున్నాడు. "నేను కాదు నానమ్మా, ఆకే నా మీద పడ్డది" అని. వాడి నోట అంత పొడుగు తెలుగు మాట నేను అంతకుముందు వినలేదు.

పిల్లి ఎదురొస్తే శకునం మంచిది కాదని పట్టింపు ఉన్నవాళ్ళు మనలో ఉన్నారు. మా అత్తమ్మా అంతే. ఇప్పుడు పొద్దున లేచి చాయ్ తాగేలోపే ఇరవై సార్లు ఎదురొస్తుంది. "గిన్ని శకునాలు చూసుకుంట కూసుంటే కార్ఖానకు పోవుడే బందైతది" అంటుంది.

అత్తమ్మ మాత్రం లెక్క వదల్లేదు. చినిగిన ఆకు, చిందిన తంబాకు, డాక్టర్ ఫీజు, అన్నీ కలిపి మనీ తనకు ఎనిమిది వేల బీడీలు బాకీ ఉందట. వారం వారం ఆ లెక్క పెంచుతూనే ఉంది. వసూలు ఎప్పుడని అడిగితే, "ఎక్కడికి పోతది, ఇంట్లనే ఉంటది గదా" అంటుంది.