వదిలేస్తే తిరగదు

బైకు మీద వెళ్తుంటే గేదె అడ్డమొచ్చిందనుకోండి. మన చేతులు మనల్ని అడగవు. కుడిచెయ్యి యాక్సిలరేటర్ వదిలేస్తుంది, కాలు బ్రేకు మీదికి పోతుంది, హ్యాండిల్ పక్కకి తిరుగుతుంది. ఏళ్ళ తరబడి అలవాటైపోయిన పని. నూటికి తొంభైసార్లు అదే మనల్ని కాపాడుతుంది కూడా. జెట్ స్కీ మీద మాత్రం సరిగ్గా ఆ అలవాటే కొంప ముంచుతుంది.

ఇప్పుడీ గోల ఎందుకంటే, మా చిన్నాన్న కొడుకు మొన్న ఫోన్ చేశాడు. వాడూ మన జాతే, బెంగుళూర్లో కోడు రాసుకుంటుంటాడు. "టీం అంతా గోవా పోతాండాం న్నా. ఈసారి జెట్ స్కీ తోలాల. ఏముంది, బైకు తోలినట్టే కదా!" అన్నాడు. మాది అహోబిలం. మాకు తెలిసిన నీళ్ళంటే వానలప్పుడు కొండ మీంచి ఉరికే భవనాశి, పొలాల్లో బావులు, కేసీ కాలవ. పడవ షికారంటే అవుకు జలాశయమో, శ్రీశైలమో పోవాలి. మరి వాడికి బైకు తప్ప ఇంకేం గుర్తొస్తుంది? హ్యాండిలూ అలాగే వుంటుంది, సీటూ అలాగే వుంటుంది.

కానీ లోపల సంగతి వేరు. మామూలు మోటారు పడవకి వెనక పంకా వుంటుంది. జెట్ పడవకి అది బయట వుండదు. అడుగున వున్న జాలీ గుండా నీళ్ళని లోపలికి లాగి, గొట్టంలో తిరిగే చక్రంతో వెనక్కి ధారగా చిమ్ముతుంది. న్యూజిలాండ్‌లో లోతు తక్కువ నదుల్లో పంకా రాళ్ళకి తగిలి విరిగిపోతోందని 1950ల్లో బిల్ హామిల్టన్ అనే ఆయన ఈ పద్ధతిని బాగా అభివృద్ధి చేశాడు. ఈతగాళ్ళకి పంకా తగిలే భయం లేదు, అది నిజంగా మంచి విషయమే.

చిక్కల్లా మలుపు దగ్గర వస్తుంది. జెట్ స్కీకి చుక్కాని వుండదు. హ్యాండిల్ తిప్పితే తిరిగేది వెనక నాజిల్. నాజిల్లోంచి ధార వస్తుంటేనే ముక్కు తిరుగుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేశారనుకోండి, ధార వుండదు. ధార లేకపోతే మీరు హ్యాండిల్ ఎంత తిప్పినా అది ఏ దిక్కున పోతోందో ఆ దిక్కునే జారుకుంటూ పోతుంది. మంచి వేగంలో వుంటే వంద గజాల దాకా కూడా పోవచ్చు.

మన భాషలో చెప్పాలంటే, చెయ్యి తీసేస్తే సిస్టం సేఫ్ స్టేట్‌లోకి వెళ్తుందని మనం నమ్ముతాం. ఇక్కడ చెయ్యి తీసేస్తే కంట్రోలే పోతుంది. డాక్యుమెంటేషన్‌లో మొదటి లైన్లో వుండాల్సిన మాట ఇది.

వుంటుందా? ఓసారి టీంతో బీచికెళ్ళినప్పుడు అక్కడి కుర్రాడు మాకిచ్చిన ట్రెయినింగ్ మొత్తం అర నిమిషం. జాకెట్ వేసుకోండి, ఇది గ్యాస్, ఇది స్విచ్. "ఆపాలంటే?" అని అడిగాను. "వదిలేయ్ సార్, అదే ఆగిపోద్ది" అన్నాడు. ఆగుతుంది, నిజమే. ఎక్కడ ఆగుతుందన్నదే ప్రశ్న.

మన దగ్గర పడవ ప్రమాదం అనగానే మునగడమే గుర్తొస్తుంది. 2017 నవంబరులో కృష్ణలో ఫెర్రీ ఘాట్ దగ్గర ఇరవైమందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర దాదాపు యాభైమంది పోయారు. 2023 మేలో మా అవుకులోనూ పర్యాటకుల పడవ మునిగింది. కాబట్టి లైఫ్ జాకెట్ అన్న మాట మన బుర్రల్లోకి ఇప్పటికైనా ఎక్కింది. ఎక్కాలి కూడా. కానీ జెట్ స్కీల మీద అమెరికా రవాణా భద్రతా బోర్డు 1998లో చేసిన అధ్యయనం ఇంకో మాట చెప్పింది. మిగతా షికారు పడవల్లో చావులకి మొదటి కారణం మునగడం. జెట్ స్కీల్లో మాత్రం గుద్దుకుని తగిలే దెబ్బలు. జాకెట్ మిమ్మల్ని తేలుస్తుంది గానీ ఎదుటి పడవని పక్కకి జరపదు కదా.

అందుకని మావాడికి చెప్పినవి మీకూ చెబుతున్నా. ఎదర ఏదైనా అడ్డుంటే గ్యాస్ కొంచెం వుంచే హ్యాండిల్ తిప్పాలి. అసలు అంత దగ్గరికి పోకుండా వుండటం ఇంకా మంచిది. ఫోటో కోసం ఫ్రెండ్ జెట్ స్కీ వైపు దూసుకెళ్ళి చివర్లో మలుపు తిప్పుదామనుకోవద్దు. మణికట్టుకి కట్టే తాడు అలంకారం కాదు, మీరు పడిపోతే ఇంజను ఆపేది అదే. మూడడుగుల కన్నా లోతు తక్కువున్న చోట ఇంజను నడపొద్దు, ఇసకా రాళ్ళూ లోపలికి లాగేస్తుంది. జాలీలో గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఆపి, ఆ తాడు పీకేశాకే చెయ్యి పెట్టాలి. వెనక కూర్చున్నవాళ్ళు వెనక్కి జారి ధారలో పడితే లోపలి అవయవాలు చీలిపోయే ప్రమాదం వుంది. అందుకే మందపాటి వెట్‌సూట్ నిక్కరు వేసుకోమంటారు. సిగ్గుపడక్కర్లేదు, అడగండి.

కొత్త మోడళ్ళు కొంచెం నయం. 2009లో సీడూ బ్రేకున్న జెట్ స్కీ తెచ్చింది. గ్యాస్ వదిలినా కాసేపు ధార వచ్చే ఏర్పాటూ కొన్నిటిలో వుంది. అయితే బీచిలో అద్దెకిచ్చేవాడి దగ్గర ఏ కాలం నాటి బండి వుందో ఎక్కేదాకా మీకు తెలీదు.

కేంద్రం 1917 నాటి చట్టం తీసేసి 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం తెచ్చింది. మంచిదే. కానీ ఏ చట్టమైనా పడవ కాగితాలు చూడగలదు గానీ మీ కుడిచేతి అలవాటుని చూడలేదు. అది మనమే మార్చుకోవాలి. దానికి రెండు నిమిషాలు చాలు. చుట్టూ ఎవరూ లేని నీళ్ళలోకి వెళ్ళి, మెల్లగా పోతూ, గ్యాస్ వదిలేసి హ్యాండిల్ తిప్పి చూడండి. తిరగదు. మళ్ళీ కొంచెం గ్యాస్ ఇచ్చి తిప్పండి. తిరుగుతుంది. ఆ తర్వాతే స్పీడు సంగతి.