తద్దినం నాడు పుట్టిన రాజు

లండన్‌లో కింగ్స్ క్రాస్ స్టేషనులో రైలెక్కితే రెండు గంటల లోపునే కింగ్స్ లిన్ అనే చిన్న రేవు పట్టణం చేరుకోవచ్చును. రైలు దారి అక్కడితో సరి. అక్కడినుంచి బస్సు మీద ఏడెనిమిది మైళ్ళు పోతే శాండ్రింగ్‌హామ్ వస్తుంది. ఇసుక నేల, పైన్ చెట్లు, దగ్గరలోనే సముద్రం. అందుచేత గాలి చురుక్కుమంటుంది. ఇది ఇంగ్లండు రాజకుటుంబం వారి సొంత ఆస్తి. విక్టోరియా రాణి పెద్దకొడుకు ఎడ్వర్డు కోసం 1862లో కొన్నారు.

సంవత్సరంలో కొన్ని నెలలపాటు పెద్ద భవనాన్ని జనానికి చూపిస్తారు. చిత్రపటాలు, పింగాణీ సామాను, వేట తుపాకులు, అన్నీ ఉన్నవి. వచ్చినవాళ్ళందరూ అవి చూచి, టీ త్రాగి, ఫోటోలు తీసుకొని వెళ్ళిపోతారు. కాని అసలు కథ ఉన్న యిల్లు అది కాదు. తోటలో చెరువు గట్టున యార్క్ కాటేజ్ అని మరొక యిల్లున్నది. రాజులుండిన యిల్లని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఎడ్వర్డు కొడుకు జార్జి, 1893లో పెళ్ళి చేసుకొని అక్కడ కాపురం పెట్టాడు. ఆయన ఆరుగురు పిల్లల్లో అయిదుగురు అక్కడే పుట్టారు. రాజైన తరువాత కూడ చాలాకాలం ఆయన ఆ యిరుకు గదుల్లోనే సర్దుకున్నాడు.

ఆ అయిదుగురిలో మొదటివాడు 1895 డిసెంబరు 14న పుట్టాడు. మగపిల్లవాడు, తల్లీ బిడ్డా క్షేమం. ఇంకేం కావాలి? కాని ఆ యింట్లో సంతోషానికి ముందు భయం పుట్టింది. ముత్తవ్వగారికి యీ కబురు ఎలా చెప్పటం?

ఎందుకంటే డిసెంబరు 14 ఆ వంశంలో తద్దినం.

ఆ తేదీ కథ లండన్‌కు పడమటనున్న విండ్సర్ కోటలో మొదలైంది. 1861 డిసెంబరు 14న విక్టోరియా భర్త ఆల్బర్టు అక్కడ టైఫాయిడుతో పోయాడని డాక్టర్లు వ్రాశారు. ఆయనకు నలభైరెండేళ్ళు. పక్కన కూర్చొని సేవ చేసినది పద్ధెనిమిదేళ్ళ కూతురు ఆలిస్. రాణి ఆనాడు కట్టిన నల్లబట్ట తాను పోయేవరకూ, అంటే 1901 వరకూ విడవలేదు. కోటకు దగ్గరలో ఫ్రాగ్‌మోర్ అనే తోటలో భర్తకు సమాధి మందిరం కట్టించింది. ఆయన పాలరాతి ప్రతిమతోపాటే తన ప్రతిమను కూడ చెక్కించి, సమయం వచ్చేదాకా దాచి ఉంచింది. ఏటేటా డిసెంబరు 14న బంధువులందరూ అక్కడ చేరి ప్రార్థన చేయాలి. మన తద్దినాలకైనా వంకలు చెప్పి తప్పించుకునే కొడుకులున్నారుగాని, ఆ మందిరానికి రానని అనగలిగిన వాళ్ళు లేరు.

పదేళ్ళు గడిచాయి. 1871లో ఎడ్వర్డుకు కూడ టైఫాయిడే వచ్చింది. శాండ్రింగ్‌హామ్‌లోనే మంచమెక్కాడు. రాణి అక్కడికి పరుగెత్తింది. రోజులు లెక్కపెట్టుకుంటే సరిగ్గా డిసెంబరు 14 దగ్గరకు వస్తున్నది. తండ్రి పోయిన రోజునే కొడుకూ పోతాడని అందరూ గుండెలు చిక్కబట్టుకున్నారు. ఆ రోజునే జ్వరం తిరుగుముఖం పట్టింది! పెద్ద భవనానికి పక్కనే ఉన్న చర్చిలో ఇత్తడి గ్రద్ద రెక్కలు చాచి బైబిలును మోస్తూ ఉంటుంది. ఎడ్వర్డు భార్య అలెగ్జాండ్రా మొక్కు చెల్లించినట్లుగా యిచ్చిన పీఠం అది. దానిమీద ఆ తేదీ చెక్కించింది. ఊళ్ళోకి పోయినవారు తప్పక చూడవలసిన వస్తువు అదే అని నా అభిప్రాయం. వెండి వేదిక దానికి పక్కనే తళతళలాడుతూ ఉంటుంది. దాన్ని చూడమని ఎవరూ చెప్పనక్కరలేదు.

కాని ఆ తేదీ అంతటితో చల్లబడలేదు. ఆలిస్ జర్మనీలో డార్మ్‌స్టాట్‌లో కాపురముండేది. 1878 నవంబరులో ఇంట్లో చాలామందికి డిఫ్తీరియా అంటుకుంది. భర్తకూ పిల్లలకూ సేవచేస్తూ, చిట్టచివరి కూతురును పోగొట్టుకొని, తానూ పడిపోయింది. తండ్రి పోయిన డిసెంబరు 14నే ఆమె కూడ పోయింది. ముప్ఫయి అయిదేళ్ళు.

యార్క్ కాటేజ్‌లో బిడ్డ పుట్టినది యిటువంటి రోజున. మన యిళ్ళల్లో అయితే ఇటువంటి చిక్కుకు సమాధానం సిద్ధంగా ఉంటుంది. తాతగారి తద్దినం నాడు మనమడు పుడితే ఆయనే మళ్ళీ వచ్చాడంటాము. ఆయన పేరే పెట్టుకుంటాము. తలంటు ముందా, భోక్తలు ముందా అన్న తగాదా తరువాత ఎలాగూ ఉంటుంది. పైగా మనకు తిథి ఒకటి, నక్షత్రం ఒకటి, ఇంగ్లీషు తేదీ ఒకటి. ఒకచోట కలిసినవి మరొకచోట విడిపోతాయి. పాపం, వాళ్ళకున్నది ఒక్కటే క్యాలెండరు.

అయినా వాళ్ళకు తట్టిన ఉపాయమూ అదే. ముత్తవ్వగారు కొంచెం నొచ్చుకున్నదనీ, ఆల్బర్టు అని పేరు పెడితే బాగుంటుందనీ తాతగారైన ఎడ్వర్డు కొడుక్కు ఉత్తరం వ్రాశాడు. అట్లాగే చేశారు. విక్టోరియా మనసు కరిగింది. ఇది బిడ్డకు శుభమే కావచ్చునని తన డైరీలో వ్రాసుకుంది. బారసాలకు కానుకగా ఆల్బర్టు అర్ధవిగ్రహం పంపింది. రెండు నెలల పసివాడికి గిలకకాయ బదులు ముత్తాతగారి విగ్రహం!

మరో ఏడాదిన్నరకు, 1897 ఏప్రిల్ 25న, అదే యింట్లో ఆడపిల్ల పుట్టింది. ఈసారి బెంగలేదు. అది ఆలిస్ పుట్టినరోజు. ఆమె 1843లో ఆ తేదీనే పుట్టింది. పిల్లకు మేరీ అన్న పేరుతోపాటు ఆలిస్ అని కూడ పెట్టారు. అంటే తాతగారి చెల్లెలు పోయిన రోజు అన్నకు, పుట్టినరోజు చెల్లెలికి వచ్చినవన్నమాట.

ఇందులో వింతేమీ లేదని లెక్కలవారంటారు. ఇరవైముగ్గురు ఒకచోట చేరితే ఇద్దరికి ఒకే పుట్టినరోజు కావటానికి సగంపైగా అవకాశమున్నదట. విక్టోరియాకు తొమ్మిదిమంది పిల్లలు, నలభైరెండుమంది మనమలు, మనమరాళ్ళు. నలభైరెండు మందిలో అయితే ఆ అవకాశం నూటికి తొంభై పాళ్ళు దాటుతుంది. మన కాసులపేర్ల మీద రాణిగా వెలసిన ఆ పెద్దావిడకు యీ లెక్క చెప్పి ఒప్పించగలవారు ఆ రోజుల్లో ఎవరుండేవారో!

ఆ డిసెంబరు పిల్లవాడు, అన్న గద్దె దిగిపోగా, 1936 డిసెంబరు 11న రాజయ్యాడు. నలభై ఒకటో పుట్టినరోజు ఇంకా మూడు రోజులున్నది. 1952 ఫిబ్రవరి 6న నిద్రలోనే పోయాడు. పోయినదీ శాండ్రింగ్‌హామ్‌లోనే; చెరువు గట్టునుంచి పెద్ద భవనం కనుచూపు దూరం.

ఇంట్లో ఆయన్ను బర్టీ అనే పిలిచేవారు. గద్దె ఎక్కేటప్పుడు మాత్రం ముత్తవ్వగారి కోసం పెట్టిన పేరు పక్కనబెట్టి తండ్రి పేరు పెట్టుకున్నాడు. మన పెద్దల పెట్టెల అడుగున యిప్పటికీ కొన్ని రూపాయి నాణేలు దొరుకుతాయి. వాటిమీద కిరీటం పెట్టుకున్న ఆయన తల, చుట్టూ ఆరవ జార్జి అన్న అక్షరాలు ఉంటాయి. ఆల్బర్టు అన్న పేరు ఎక్కడా లేదు.